ఇంటి ప్రతి : ఐట్యూన్స్ 12.7 నవీకరణ చరిత్ర

2017 సెప్టెంబరు 12వ తేదీన ఆపిల్ సంస్థవారు ఐట్యూన్స్ అను తమ కంప్యూటరు సాఫ్టువేరునకు 12.7 అను సంఖ్య గల నవీకరణమును వెలువరించిరి. ఐఫోన్ టెన్ అను క్రొత్త ఫోనును లోకమునకు జూపినదియు ఆ దినముననే. అందఱి దృష్టియు ఆ ఫోనుపై నుండుటచేత ఈ నవీకరణమును మొదట నెవరును అంతగా గమనింపలేదు. కాని దానిని తమ కంప్యూటరులో నెక్కించుకొన్నవారికి కొలది నిమిషములలోనే యొక లోపము కానవచ్చెను. తాము కొన్నవియు, ఉచితముగా దెచ్చుకొన్నవియు నైన యాప్‌లన్నిటిని వరుసగా జూపుచుండిన పుట అందు లేదు. యాప్‌లను విక్రయించు అంగడికి వాకిలియు లేదు. ఫోను ముఖముపై యాప్‌ల గుర్తులను కంప్యూటరునుండి అమర్చుకొను ఏర్పాటును తొలగింపబడినది.

తొమ్మిదేండ్ల అలవాటు ఒక్క నవీకరణముతో తుడిచిపెట్టుకొనిపోగా దేశదేశములందలి ఉపయోక్తలు విసుగు చెందిరి. తమకు సౌకర్యము తగ్గినదని వారనిరి. ఇకపై ఐట్యూన్స్ సంగీతము, చలనచిత్రములు, ధారావాహికలు, శ్రవ్యగ్రంథములు మొదలగు వానిపైననే శ్రద్ధ వహించునని సంస్థవారు చెప్పిరి. ఈ రెండు మాటలును సత్యములే. అయినను అసలు విషయము ఈ రెంటికిని లోపల నున్నది. పోయినది సౌకర్యము మాత్రమే కాదు. పుచ్చుకొన్నవాని యింట ఒక ప్రతి నిలిచియుండుట యను ఆచారము. దానినే ఈ వ్యాసమున 'ఇంటి ప్రతి' యని వ్యవహరింతును. ఈ యాచారము తెలుగువారికి క్రొత్తది కాదు. మా తిరువొత్తియూరు చరిత్రయే దానికొక సాక్ష్యము. ముందుగా ఐట్యూన్స్ పూర్వోత్తరములను కాలక్రమమున జెప్పి, పిదప ఆ సాక్ష్యమును పరిశీలించి, తమిళనాట తెలుగు నేర్చువారికిని నేర్పువారికిని దీనివలన దేలు కర్తవ్యమును చివర మనవిచేయుదును.

పాటల పెట్టె

ఐట్యూన్స్ మొదట పాటల పెట్టెగా బుట్టినది. సౌండ్‌జామ్ అను పాటల సాఫ్టువేరును ఆపిల్ వారు 2000లో కొని, సంస్కరించి, 2001 జనవరి 9న ఐట్యూన్స్ అను పేర బ్రకటించిరి. ఆ యేడే అక్టోబరు 23న ఐపాడ్ అను చిన్న పాటల యంత్రము వచ్చినది. పాటల నిధి కంప్యూటరులో నుండును. ఐపాడ్ ఆ నిధిలోనివానిని వెంట మోసికొనిపోవును. ఒకటి ఇల్లు, మఱియొకటి ప్రయాణపు సంచి. 2003 ఏప్రిల్ 28న పాటల అంగడియు, ఆ యేటనే అక్టోబరు 16న విండోస్ కంప్యూటరులకు దగిన ఐట్యూన్సును వెలసినవి. దానితో ఈ పద్ధతి సామాన్య గృహములకును వ్యాపించెను.

2007 జూన్ 29న అమెరికాలో విక్రయమునకు వచ్చిన ఐఫోన్ సైతము ఈ పద్ధతికే లోబడినది. కొన్న ఫోనును మొదట తీగతో కంప్యూటరునకు గలిపి ఐట్యూన్సుచే మేల్కొలిపినగాని అది పనికి రాదయ్యెను. 2008 జులై 10న యాప్ స్టోర్ తెఱవబడినది. నాడందున్న యాప్‌లు 500. దానికి దగినట్లుగా ఐట్యూన్స్ 7.7 వెలువడినది. భారతదేశమున ఐఫోన్ 3జీ 2008 ఆగస్టు 22న అమ్మకమునకు వచ్చినది. 8 గీగాబైట్ల రకము వెల 31,000 రూపాయలు. కార్ఖానాలును పల్లెకారుల కుప్పములును గల తిరువొత్తియూరు వంటి ఊరిలో అంత వెల పెట్టి కొనగలవా రరుదు. ఇట్టి ఊళ్లకు ఈ యంత్రములు ఎక్కువగా మఱియొక దారిని వచ్చినవి. విదేశమున నుద్యోగము చేయు కొడుకో, అల్లుడో తాను క్రొత్తది కొనుక్కొని పాత ఐప్యాడును తల్లిదండ్రుల చేతబెట్టి పోవుట వాడుక. ఈ విషయమును పాఠకులు జ్ఞాపకమున నుంచుకొనవలెను. ఇది తరువాత పనికివచ్చును.

కంప్యూటరులోని ప్రతివలన నాలుగు ప్రయోజనములు

ఐట్యూన్సు ద్వారా యాప్‌ను దెచ్చుకొన్నచో అది ఐపీఏ అను రకపు ఫైలై కంప్యూటరులో 'మొబైల్ అప్లికేషన్స్' అను ఫోల్డరున జేరును. అచ్చటినుండి తీగ ద్వారా ఫోనునకు బోవును. ఫోనులో నున్నది ప్రతి. కంప్యూటరులో నున్నది మాతృక. ఇట్లు మాతృక యింట నుండుటచేత నాలుగు ప్రయోజనములు కలుగుచుండెను.

మొదటిది మితవ్యయము. ఒకే ఖాతాపై మూడు నాలుగు యంత్రములున్న గృహమున యాప్‌ను ఒక్కమాఱు దెచ్చుకొనిన జాలును. తక్కినవానికి తీగతోనే పంచవచ్చును. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై ఇంటర్నెట్టు వెల తగ్గువఱకు మన దేశమున ఇది చిన్న లాభము కాదు.

రెండవది పాత కూర్పులను నిలుపుకొనుట. ఏదేని యాప్ క్రొత్త కూర్పులో చెడినయెడల, వెనుకటి కూర్పును దాచుకొన్నవాడు దానిని మరల ఫోనున కెక్కించుకొనగలిగెడివాడు.

మూడవది అమరిక. 2009 సెప్టెంబరు 9న వచ్చిన ఐట్యూన్స్ 9 మొదలుకొని ఫోను ముఖముపై యాప్‌ల గుర్తులను కంప్యూటరు పెద్ద తెరపై జూచుచు పేర్చుకొను వీలు కలిగెను. చూపు మందగించిన వృద్ధులకును, వారికి దోడ్పడు పిల్లలకును ఇది యెంతయు హితముగ నుండెను.

నాలుగవది పునరుద్ధరణము. ఫోను చెడినపుడు గాని మార్చినపుడు గాని యాప్‌లన్నియు ఇంటిలోని మాతృకలనుండియే తిరిగి వచ్చెడివి. అంగడి ముంగిట మరల నిలువనక్కఱలేదు.

అయితే ఈ ఇంటి ప్రతి సంపూర్ణముగా మనదని చెప్పరాదు. ప్రతి ఐపీఏ ఫైలునకును ఒక గూఢమైన తాళ ముండెను. కొన్నవాని ఖాతాతో సంస్థవారి యనుమతి లేనిది అది తెఱచుకొనదు. పెట్టె మన యింట నున్నను తాళపుచెవి పరుల చేత నున్నట్లు. చరిత్ర చెప్పునపుడు ఈ పరిమితిని మఱుగుపఱచుట న్యాయము కాదు. అయినను పెట్టె యింట నుండుటకును, పెట్టెయే లేకుండుటకును భేదము గలదు.

కంప్యూటరు వెనుకబడిన క్రమము

12.7 నవీకరణము ఒక్కనాట బుట్టిన యాలోచన కాదు. దానికి ఆఱేండ్లకు ముందే దారి పడినది. 2011 అక్టోబరు 12న ఐఓఎస్ 5తో ఐక్లౌడ్ వచ్చెను. అప్పటినుండి ఫోనును మేల్కొలుపుటకు కంప్యూటరు అక్కఱలేకపోయెను; నవీకరణములును గాలిలోనుండియే దిగసాగెను. 2013 సెప్టెంబరులో ఆపిల్ వారొక యుపకారము చేసిరి. పాత యంత్రము గలవారు తాము పూర్వము కొన్న యాప్‌ను గోరినపుడు ఆ యంత్రమునకు సరిపడు కడపటి కూర్పును అంగడియే యిచ్చునట్లు చేసిరి.

2015లో ఐఓఎస్ 9తో వచ్చిన మార్పు మఱింత ముఖ్యమైనది. అంతవఱకు ఒక యాప్‌లో అన్ని రకముల ఫోనులకును టాబ్లెట్లకును గావలసిన భాగములన్నియు నుండెడివి. ఇకపై అంగడి ఒక్కొక్క యంత్రమునకు దానికి వలసిన భాగమును మాత్రమే కత్తిరించి పంపునట్లు ఏర్పాటు జరిగెను. ఫోనున కిది మేలే, చోటు కలిసివచ్చును. కాని కంప్యూటరునకు పూర్తి ఫైలు రావలసియుండుటచే అచ్చటి నిల్వలు పెరుగుచుండెను. పాటలు, చిత్రములు, యాప్‌లు, పాఠములు అన్నియు మోయుచు ఐట్యూన్స్ బరువెక్కినదని ఉపయోక్తలే చిరకాలముగ ననుచుండిరి. కావున సంస్థవారి పక్షమున హేతువులు లేవని చెప్పరాదు.

ఈలోపల అంగడియు మాఱుచుండెను. 2015 జూన్ 1 నుండి నవీకరింపబడు యాప్‌లన్నియు 64 బిట్ల పద్ధతిలో నుండవలెనని శాసించిరి. 2016 సెప్టెంబరులో, పనిచేయనివియు చాలకాలము నవీకరింపబడనివియు నైన యాప్‌లను పరిశీలించి తొలగింపబోవుచున్నామని ప్రకటించిరి. 2017 సెప్టెంబరు 19న ఐఓఎస్ 11 వెలువడగా 32 బిట్ల యాప్‌లన్నియు దానియందు తెఱచుకొనక నిలిచిపోయెను. పెద్ద సంస్థల యాప్‌లు మార్పునకు దట్టుకొన్నవి. ఒంటరిగ శ్రమించి యొక నిఘంటువునో, శతకమునో, అక్షరాభ్యాసమునో యాప్‌గా దీర్చి పిదప విడిచినవారి కృషి మాత్రము ఆగిపోయినది.

ఆ ఐఓఎస్ 11లోనే మఱియొక సదుపాయము గలదు. యజమాని సమ్మతించినచో, చాలదినములు వాడని యాప్‌లను ఫోను తనంతట తానే తీసివేసి, గుర్తును మాత్రము మిగుల్చును. కావలసినపుడు మరల అంగడినుండి దెచ్చును. అంగడి యెల్లకాలము నుండును, అందు ఆ వస్తువు నెల్లకాలము నుండును అను విశ్వాసముపైననే ఈ యేర్పాటంతయు నిలిచియున్నది. ఒకే వారమున ఇటు కంప్యూటరులోని పట్టిక తొలగుటయు, అటు ఫోను తనలోని వస్తువును విడుచుట నేర్చుటయు సంభవించినవి. ఈ రెంటిని గలిపి చూచినగాని 12.7 యొక్క యర్థము బోధపడదు.

నవీకరణమునకు బిదప

12.7 ఎక్కించుకొన్నవారి కంప్యూటరులోని పాత ఐపీఏ ఫైళ్లు చెఱుపబడలేదు. అవి తమ ఫోల్డరులోనే యుండెను. పోయినది వానిని జూపు పట్టిక, క్రొత్తవానిని దెచ్చు దారి. గ్రంథాలయమున పుస్తకములను దాకక సూచికను మాత్రము కొనిపోయినచో నెట్లుండునో అట్లయ్యెను. పుస్తకములున్నవి గదా యని కొందఱు సమాధానపడవచ్చును. కాని క్రొత్త పుస్తకములు చేరని గ్రంథాలయము కొన్నేండ్లకు జ్ఞాపకచిహ్నముగ మాత్రమే మిగులును.

వెనుకకు మరలవలె ననుకొన్నవారికి మఱియొక చిక్కు ఎదురయ్యెను. 12.7 తన వాడుకకొఱకు మార్చిన పట్టికను పాత ఐట్యూన్స్ చదువలేదు. అయితే కూర్పు మాఱినపుడెల్ల పాత పట్టికకు ఒక నకలు తీసి వేఱొక ఫోల్డరున నుంచు నలవాటు ఐట్యూన్సునకే యుండెను. ఆ నకలును వెదకి తెచ్చి మరల నెలకొల్పుకొన్నవారు 12.6కు మరలగలిగిరి. ఇచ్చటను రక్షించినది పాత ప్రతియే.

2017 అక్టోబరులో ఆపిల్ వారు ఐట్యూన్స్ 12.6.3 అను కూర్పును వేఱుగా నందుబాటున నుంచిరి. అందు యాప్ స్టోర్ యథాపూర్వముగ నుండెను. దాని నెక్కించుకొన్నవారికి క్రొత్త కూర్పులకై ప్రేరణలు రావనియు దెలిపిరి. అది కొన్ని వ్యాపారసంస్థల యవసరముకొఱకని వారే చెప్పిరి. ఒకేమాఱు పెక్కు యంత్రములను సిద్ధము చేయు సంస్థలకొఱకు కాన్ఫిగరేటర్ అను మఱియొక సాధనమును మాక్ కంప్యూటరులపై నంతకుముందే యుండెను. కంప్యూటరునుండి యాప్‌లను నిర్వహించు నక్కఱ నిజముగ గలదని సంస్థవారును అంగీకరించినట్లే గదా. ఆ యక్కఱ కార్యాలయమునకు గుర్తింపబడినది, గృహమునకు గుర్తింపబడలేదు.

2019 అక్టోబరు 7న మాక్ ఓఎస్ కాటలినా వచ్చినపుడు మాక్ కంప్యూటరులపై ఐట్యూన్సే అంతరించెను. దాని పనులు సంగీతము, టీవీ, పాడ్‌కాస్టులు అను మూడు భాగములుగ బంచబడినవి. ఫోనును గలుపు పని ఫైండరునకు జేరినది. యాప్‌ల పట్టిక మాత్రము తిరిగి రాలేదు.

పాత ఐప్యాడుల గతి

తల్లిదండ్రులకు సంక్రమించిన పాత ఐప్యాడుల మాట పైని జెప్పితిని. 2010లో వెలువడిన మొదటి ఐప్యాడు ఐఓఎస్ 5.1.1తో నాగిపోయినది. అట్టి యంత్రమునకు క్రొత్తగా నొక యాప్ కావలెనన్న అంగడి నిరాకరించును. పూర్వము కొన్న యాప్ అయినచోనే సరిపడు పాత కూర్పు నిచ్చును. క్రొత్తగా గోరువానికి పూర్వపు క్రయ మెక్కడిది? దీనికి ఉపయోక్తలు కనిపెట్టిన యుపాయ మొకటి యుండెను. కంప్యూటరులోని ఐట్యూన్సున ఆ యాప్‌ను ముందుగ బుచ్చుకొందురు. అంతట ఖాతాలో అది 'పూర్వము కొన్నది' యగును. పిదప పాత ఐప్యాడు కోరినపుడు అంగడి పాత కూర్పును విడిచిపెట్టును. 12.7తో ఈ దారి మూసికొనిపోయెను. అటుపై ఈ పని చేయుటకు మఱియొక క్రొత్త ఫోనో ఐప్యాడో కావలసివచ్చెను. క్రొత్తది కొనలేకయే పాతదానిని వాడువానికి 'క్రొత్త యంత్రమున్న పాతది పనిచేయును' అనుట యెట్టి యుత్తరము? క్రొత్త యంత్రములు గలవారు ఈ నవీకరణమును గుర్తింపనైన లేదు. దాని భారమంతయు పాతవానితో గడుపుకొనువారిపై బడెను.

తిరువొత్తియూరు సాక్ష్యము

ఒక వస్తువు ఒకేచోట నుండి, అందఱును అచ్చటికే పోవలసిన పద్ధతి మేలా? లేక పుచ్చుకొన్న ప్రతివాని యింటను ఒక ప్రతి యుండు పద్ధతి మేలా? ఈ ప్రశ్నకు సంగీత చరిత్రయం దొక సమాధానము గలదు. అది మా యూరి చరిత్రయు నగుటచే ఇచ్చట విన్నవించుచున్నాను.

త్యాగరాజస్వామి (1767–1847) శిష్యులలో వీణ కుప్పయ్యర్ ఒకరు. ఆయన తిరువొత్తియూరువారు. స్వామి ఈ క్షేత్రమునకు విచ్చేసి త్రిపురసుందరీదేవిపై తెలుగున ఐదు కృతులను రచించిరి. అవియే తిరువొత్తియూరు పంచరత్నములు. తమిళదేశపు సముద్రతీరమున, తమిళుల యారాధ్యదేవతపై, కావేరీతీరవాసి రచించిన ఈ తెలుగు కృతులు నేటికిని నిలిచియుండుటకు గారణమేమి? రాజభాండాగారము కాదు, అచ్చుయంత్రము కాదు. స్వామి జీవితకాలమున ఆయన కృతుల నొకచోట భద్రపఱచిన సంస్థ యేదియు లేదు. శిష్యులు తమకు వచ్చినదానిని తమ యిండ్లకు గొనిపోయిరి. వాలాజాపేటలో వేంకటరమణ భాగవతార్, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ వ్రాసికొన్నవి గలవు. అవి పిమ్మట మధురలోని సౌరాష్ట్ర సభకు జేరినవి. ఉమయాళ్పురమున నొక పరంపర, తిల్లైస్థానమున నొక పరంపర, ఇచ్చట కుప్పయ్యర్, ఆయన కుమారుడు తిరువొత్తియూరు త్యాగయ్యర్‌ల పరంపర వెలసినవి. ఒక యింట మఱచిన కృతి మఱియొక యింట నిలిచెను.

దీనియందు దోషము లేకపోలేదు. ఇల్లిల్లు తిరిగిన కృతికి పాఠాంతరములు పుట్టును. వాలాజాపేట పాఠమొకటి, ఉమయాళ్పురము పాఠము మఱియొకటి. ఒక్కచోటనే ప్రతి యుండినచో పాఠమును ఒక్కటే యుండెడిది. కాని ఆ చోటికి చెదలు పట్టినచో కృతియే యుండెడిది కాదు. పాఠాంతరము విద్వాంసులు దిద్దుకొనదగిన లోపము. నాశము దిద్దుకొనదగినది కాదు. సి. పి. బ్రౌన్ (1798–1884) వేమన పద్యములకొఱకు పెక్కు తాళపత్రప్రతులను దెప్పించి సరిచూచుట సాధ్యమైనదియు, ఆయన సేకరించినవి పిదప చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు జేరుట సాధ్యమైనదియు, అంతకుముందు ఊరూర నెవరో యొకరు తమ యింట నొక ప్రతిని దాచియుంచుటచేతనే.

నవీకరణము నిందింపదగినదా?

ఇంతమాత్రమున నవీకరణములన్నియు కీడే యనుట తగదు. దీనికి మన లిపియే నిదర్శనము. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 గల యంత్రములు ఒక తెలుగు అక్షరరూపమును జూడగనే స్తంభించుచున్నవని లోకమంతయు వార్త వ్యాపించెను. అది 'జ్ఞా' యనుటచే తెలుగక్షరమే దోషి యైనట్లు పలువురు పరిహసించిరి. యథార్థమేమనగా సామాన్యముగ వ్రాయు 'జ్ఞా'తో ఏ చిక్కును లేదు. ఞకారపు వత్తునకును దీర్ఘమునకును నడుమ, కంటికి గానరాని, వెడల్పు లేని యొక సంకేతము చేరినపుడే ఆ దోషము పుట్టెడిది. తప్పు అక్షరమునది కాదు. దానిని తెరపై చిత్రించు సాఫ్టువేరుది. ఫిబ్రవరి 19న వెలువడిన ఐఓఎస్ 11.2.6 దానిని సరిచేసినది. కోట్లకొలది యంత్రములకు ఇంత శీఘ్రముగ మందు చేరుట కేంద్రీకృతమైన నవీకరణ పద్ధతివలననే సాధ్యమయ్యెను. పాత ప్రతినే పట్టుకొని వ్రేలాడినవానికి ఆ మందు చేరదు.

కావున వివాదము నవీకరణము వలెనా వలదా యనునది కాదు. దిద్దుబాటును దెచ్చిన చేయియే మన యింటి పెట్టెను గొనిపోవచ్చునా యనునదే ప్రశ్న. రోగమునకు మందిచ్చుట వేఱు, మందుతోపాటు ఇంటిలోని గాదెను తరలించుట వేఱు. ఈ రెంటిని ఒక్క మూటలో గట్టి, పుచ్చుకొందువా మానుదువా యని యడుగుటయే ఉపయోక్తకు గలిగిన చిక్కు.

ఇది ఒక్క సంస్థ కథయు గాదు. 2009 జులైలో అమెజాన్ వారు జార్జి ఆర్వెల్ రచించిన రెండు గ్రంథముల ప్రతులను, హక్కుల చిక్కు కారణముగ, కొన్నవారి కిండిల్ యంత్రములనుండియే తొలగించి వెల తిరిగి యిచ్చిరి. 2025 ఫిబ్రవరి 26న కిండిల్ గ్రంథములను కంప్యూటరునకు దించుకొని తీగతో యంత్రమున కెక్కించుకొను సదుపాయమును నిలిపివేసిరి. యాప్‌లకు 2017లో జరిగినది గ్రంథములకు 2025లో జరిగినది. పాఠశాలలవారు గమనింపదగిన విషయమిది. ఏలన రేపటి పాఠ్యగ్రంథములు ఈ రూపముననే రావచ్చును.

మన కర్తవ్యము

అచ్చుపుస్తకమునకు మన దేశమున చట్టరక్షణ గలదు. 1954 నాటి గ్రంథసమర్పణ చట్టము ననుసరించి ప్రకాశకులు తాము ప్రచురించిన గ్రంథముయొక్క ప్రతులను నాలుగు గ్రంథాలయములకు బంపవలసియున్నది. వానిలో నొకటి 1896లో తెఱవబడిన మన చెన్నపట్టణపు కన్నెమరా గ్రంథాలయము. గ్రంథకర్త మఱచినను, ప్రకాశకుడు దుకాణము కట్టివేసినను ఒక ప్రతి అచ్చట నుండును. ఆ చట్టము చెప్పునది గ్రంథములను, పత్రికలను గూర్చి. ఒక తెలుగు నిఘంటువు యాప్‌గ వెలువడి అంగడినుండి తొలగినచో దానిని దాచవలసినవా రెవరును లేరు. సంస్థ దాచదు, చట్టము దాపింపదు, 2017నకు బిదప గృహస్థుడు దాచుటకును వీలు లేదు.

తమిళనాట అల్పసంఖ్యాక భాషాపాఠశాలలలో తెలుగు బోధించువారికి ఇది దూరపు మాట కాదు. ఇచ్చటి బాలునకు వీధిలో తెలుగు పలక కానరాదు; అంగడిలో తెలుగు పుస్తకము సులభముగ దొరకదు. తెలుగు రాష్ట్రములందలి బాలునకు ఒక యాప్ పోయిన మఱియొకటి గలదు, యాప్‌లన్నియు పోయినను పరిసరములే పాఠము. ఇచ్చటివానికి పాతదైన ఐప్యాడులోని అక్షరమాలయు, అందు వినవచ్చు పద్యమును కొన్నియెడల ఇంటిలోని ఏకైక తెలుగు సాధనములు. అల్పసంఖ్యాకుల సాధనములు తక్కువగా విక్రయమగును. తక్కువగా విక్రయమగునవి తక్కువగా నవీకరింపబడును. నవీకరింపబడనివి ముందుగా తొలగును. కావున ఇంటి ప్రతి యను ఆచారము తెగినపుడు మొదట నష్టపడువారు ఇట్టివారే.

ఇందులకు తెలుగు సంఘములు చేయదగిన పనులు కొన్ని గలవు. సంఘమున కొఱకు గాని పాఠశాల కొఱకు గాని పాఠములను, నిఘంటువులను, పద్యగానములను సిద్ధపఱచువారు వానిని యాప్‌గ మాత్రమే వెలువరింపక, ఏ యంత్రమునందైనను తెఱచుకొను సామాన్యమైన ఫైళ్లుగను ఈయవలెను. అక్షరములు యూనికోడ్ పద్ధతిలో నుండవలెను. పాటలు తాళము లేని ధ్వనిఫైళ్లుగ నుండవలెను. ఒక్కొక్క దానికి కనీసము మూడు ప్రతులు వేర్వేఱు ఇండ్లలో నుండవలెను. అవి యెచ్చట నున్నవో చెప్పు పట్టిక కాగితముపై వ్రాసి సంఘపు దస్త్రములలో నుంచవలెను, ఏలన 12.7 మనకు నేర్పినది, వస్తువు మిగిలినను పట్టిక పోవచ్చునని. ఏటికొకమాఱు ఆ ప్రతులను తెఱచి, పనిచేయుచున్నవో లేవో చూచి, చెడినదానిని మరల వ్రాయవలెను. తాళపత్రములకు మన పెద్దలు చేసినదియు నిదియే. తాటాకు శిథిలమగుటకు ముందే క్రొత్త యాకుపై ప్రతి వ్రాయించెడివారు.

పట్టికను తిరిగి యిప్పించు శక్తి మనకు లేదు. కాని మన భాషాసాధనములలో ఏవి మన యిండ్ల నున్నవి, ఏవి పరుల యంగడిలో మాత్రమే యున్నవి యని లెక్క చూచుకొను పని మన చేతిలోనే యున్నది. వచ్చు వార్షికోత్సవమునాటికి మన సంఘము ఈ లెక్కను పూర్తిచేయునేని ఈ వ్యాసమునకు అంతకు మించిన ప్రయోజనము లేదు. విజ్ఞులైన సభ్యులు విచారింతురుగాక.